రెండో పట్టు

వేసవి సెలవులకి మా అక్క కొడుకు వచ్చాడంటే ఇంట్లో టీవీ మాది కాదు. పొద్దస్తమానం కుస్తీలే. కొండల్లాంటి మనుషులు ఒకళ్లనొకళ్లు ఎత్తి కుదేస్తుంటే వంటింట్లో ఉన్న నాకు గుండె దడదడలాడుతుంది. ఆ మధ్య ఆడపిల్లల కుస్తీ వస్తోంది. ఉండబట్టలేక, "అయ్యయ్యో, ఆ పిల్ల నడుం విరిగిపోదుట్రా!" అన్నాను. వాడు నావంక జాలిగా చూశాడు.

"అదంతా ముందే మాట్లాడుకుంటారు పిన్నీ! ఎవరు గెలవాలో ముందే రాసేసుంటుంది. నీ నవలల్లో నువ్వు రాసుకోవూ, అలాగే!"

పేపరు వెనకనించి మావారి నవ్వు వినిపించింది.

వాడన్నది అబద్ధమేం కాదు. అమెరికాలో టిక్కెట్లు పెట్టి ఆడించే ఈ కుస్తీల్లో గెలుపెవరిదో ముందే నిర్ణయమైపోవడం ఇవాళ్టి సంగతి కాదు. చాలాకాలం గుట్టుగా ఉంచుకున్నారు. చివరికి 1989లో వరల్డ్ రెజ్లింగ్ ఫెడరేషన్ వాళ్లే న్యూజెర్సీ శాసనసభ ముందు, మాది పోటీ కాదు బాబూ, వినోదం అని ఒప్పుకున్నారు. పోటీ అంటే పన్నులు, తనిఖీలు మరి! పన్ను తప్పుతుందంటే ఎంత గుట్టయినా బయటికొస్తుంది.

సరే, నవలలో ముగింపు నేను రాసుకుంటాను. గోదాలో ముగింపు ఎవరు రాస్తారు? ఈ ప్రశ్న నన్ను పట్టుకుంది. అది పట్టుకుని చదువుకుంటూ పోతుంటే మిల్డ్రెడ్ బర్క్ తగిలింది.

ఈవిడ 1915లో కాన్సస్ రాష్ట్రంలోని కాఫీవిల్‌లో పుట్టింది. పుట్టింటి పేరు మిల్డ్రెడ్ బ్లిస్. పదిహేనేళ్లకే హోటల్లో వడ్డన పని. చిన్నవయసులోనే పెళ్లయింది, కాపురం కాన్సస్ సిటీలో. ఆ భర్త చేసిన ఒకే ఒక్క మేలు, ఓ సాయంత్రం ఆవిణ్ణి కుస్తీ చూడ్డానికి తీసుకెళ్లడం. ఆ తర్వాత ఆయన దారి ఆయనది. ఈవిడకి మిగిలింది కడుపులో బిడ్డ, తల్లి నడుపుకునే చిన్న హోటలు. అమెరికాలో అప్పుడు మగవాళ్లకే పనుల్లేక రొట్టె కోసం వరసల్లో నించుంటున్న రోజులు. ఇరవయ్యేళ్లయినా నిండని పిల్ల, చంకలో కొడుకుతో ఏం చెయ్యాలి? మళ్లీ పెళ్లి చేసుకో అని ఎవరైనా అంటారు. ఈవిడ కుస్తీ నేర్చుకుంటానంది!

ఆ ఊళ్లో బిల్లీ వుల్ఫ్ అని ఒకడుండేవాడు. ఒకప్పుడు తనూ కుస్తీ పట్టినవాడే, అప్పటికి కుస్తీలు నేర్పుతూ ఏర్పాటు చేస్తూ ఉండేవాడు. హోటలుకి వస్తే ఈవిడ అడిగింది. పొమ్మన్నాడు. మళ్లీ అడిగింది. విసుగొచ్చి, పీడ విరగడవుతుందని ఓ కుర్రాణ్ణి పిలిచి, దీన్ని ఎత్తి గట్టిగా నేలకేసి కొట్టు, మళ్లీ ఇటు రాదు అని చెప్పాడట. ఆ కుర్రాడు ఎత్తబోయాడు. నేలకి తగిలింది మాత్రం కుర్రాడే.

ఎత్తు చూస్తే 5 అడుగుల 2 అంగుళాలు. బజార్లో మన పక్కనించి వెళ్తే తిరిగి చూడం. ఆ ఒళ్లంతా కండే.

వుల్ఫ్ ఆవిణ్ణి ఊరూరా తిరిగే తిరనాళ్ల బృందాలతో తిప్పాడు. డేరా వేసి, బయట అరుస్తారు: తనంత బరువున్న మగాడెవడైనా రావచ్చు, పది నిమిషాల్లో ఈ అమ్మాయి భుజాలు నేలకి ఆనించగలిగితే 25 డాలర్లు. ఆ రోజుల్లో 25 డాలర్లంటే మాటలా! రైతులు, కూలీలు, కుర్రకారు ఎగబడేవారు. ఇక్కడ ఒకటి గమనించండి. ఈ వచ్చినవాడు దారిన పోయే మనిషి. ముందుగా మాట్లాడుకోవడాలూ గట్రా వాడితో ఉండవు. ఆడదాని చేతిలో ఓడితే ఊళ్లో తలెత్తుకోలేడు కనక ప్రాణం పెట్టి పెనుగులాడతాడు. అలాంటివాళ్లు 200 మందికి పైగా దిగారనీ, అందులో ఒక్కడే తనని గెలిచాడనీ ఆవిడ లెక్క చెప్పుకునేది. కాస్త అటూ ఇటూ అయినా ఆ లెక్క నాకు చాలా ఇష్టం.

1937లో క్లారా మార్టెన్‌సన్ అనే ఆవిణ్ణి గెలిచి మిల్డ్రెడ్ ఆడవాళ్లలో ప్రపంచ విజేత అయింది. ఆ బిరుదు పదిహేడేళ్లు ఆవిడ దగ్గరే ఉంది. ఇక్కడినించీ డేరాలు పోయి పెద్ద పెద్ద హాళ్లు వచ్చాయి. వాటితోపాటు ముందే రాసిన ముగింపులూ వచ్చాయి. ఆ ముగింపులు రాసేవాడు వుల్ఫ్. అప్పటికి ఆయన ఆవిడ భర్త కూడాను.

1940లలో ఈవిడ వైభవం వైభవం కాదు. రాళ్లు పొదిగిన తెల్లటి శాటిన్ అంగీ వేసుకుని, చేతులకి వజ్రాలు పెట్టుకుని గోదా దాకా నడిచొచ్చేది. ఆడది కుస్తీ పట్టడమే అప్రతిష్ట అనుకునే కాలంలో ఈవిడ రాణీగారిలా నడిచొచ్చి, ఆ అంగీ విప్పి మడతపెట్టించి, అప్పుడు దిగేది. న్యూయార్కు రాష్ట్రంలో అయితే 1972 దాకా ఆడవాళ్ల కుస్తీ నిషేధం. అంటే ఈవిడ పేరు మారుమోగిన ఏళ్లన్నిట్లోనూ ఆ మహానగరంలో ఆవిడకి గోదా లేదన్నమాట.

ఇవతల ఒహాయోలోని కొలంబస్‌లో కూచుని వుల్ఫ్ ఓ పెద్ద వ్యాపారమే పెట్టాడు. పదులకొద్దీ ఆడపిల్లలు, అందరి కాంట్రాక్టులూ ఆయనవే. ఎవరు ఎక్కడ దిగాలో, ఎవరు ఓడాలో ఆయనిష్టం. సంపాదనలో సింహభాగం ఆయనదే. ఆ పిల్లల్లో కొందరితో ఆయన వ్యవహారాలు ఊరందరికీ తెలిసినవే. మిల్డ్రెడ్‌కీ తెలుసు. నన్ను కొట్టేవాడు అని కూడా ఆవిడ రాసుకుంది. 200 మంది మగాళ్లని పడగొట్టిన ఆడది మొగుడి చేతిలో దెబ్బలు తినడమేమిటని ఈ మాట చెప్పినప్పుడు మా పక్కింటావిడ ఆశ్చర్యపోయింది. నాకేమో ఆశ్చర్యం కలగలేదు. గోదాలో అయితే రెఫరీ ఉంటాడు.

ఇంకోమాట. ముగింపు రాసిందే కావచ్చు, దెబ్బలు రాసినవి కావు. వుల్ఫ్ పెంచుకున్న జానెట్ అనే పద్దెనిమిదేళ్ల పిల్ల 1951లో ఒహాయోలోనే కుస్తీకి దిగి, ఆ దెబ్బలతో చనిపోయింది. మా అక్క కొడుక్కి ఈ సంగతి చెప్పి, ఆ రాత్రంతా ఎందుకు చెప్పానా అనుకున్నాను.

1952లో మిల్డ్రెడ్ విడాకులు తీసుకుంది. డబ్బిచ్చి వ్యాపారం తనే కొనుక్కుంది. కొన్నేళ్లపాటు ఇటు తొంగిచూడనని మాటిచ్చిన మహానుభావుడు చూస్తూ చూస్తూ పోటీ వ్యాపారం మొదలుపెట్టాడు. కుస్తీలు నడిపే పెద్దమనుషులందరూ మగవాళ్లే, అందరూ ఆయన స్నేహితులే. ఈవిడకి ఊళ్లు దొరకడం మానేశాయి. కంపెనీ అప్పుల్లో పడింది. ఇంకొక్కటే మిగిలింది, ఆ ప్రపంచ విజేత బిరుదు. అదీ కావాల్సొచ్చింది ఆయనకి. తన కోడలు జూన్ బైయర్స్‌ని పైకి తెచ్చాడు.

1954 ఆగస్టు 20, అట్లాంటా. ఈసారి ముగింపు ఎవరూ రాయలేదు. రాయడానికి రెండు పక్షాలూ ఒప్పుకుంటేగా! ఓడమంటే మిల్డ్రెడ్ ఓడదు. కనక నిజం కుస్తీయే. మూడు పట్లలో రెండు గెలిచినవాళ్లది బిరుదు. బైయర్స్‌కి 32 ఏళ్లు, మిల్డ్రెడ్‌కి 39, పైగా మోకాలు పాడైపోయి ఉంది. మొదటి పట్టులో ఆ మోకాలు జారింది. ఒక పట్టు వదులుకుని కాలు సర్దుకుందామని ఆవిడ ఆ పట్టు ఇచ్చేసింది. రెండో పట్టు మొదలైంది. ఎంతసేపటికీ తేలదు. ఇద్దరూ వదలరు. నిజం కుస్తీలో ఎగరడాలూ దూకడాలూ ఉండవుట, ఇద్దరు మనుషులు ఒకరినొకరు నొక్కిపట్టి గంటలు గంటలు ఉండిపోవడమే. టిక్కెట్టు కొన్నవాళ్లకి విసుగు. చివరికి అధికారులు ఆపేయించారు.

రెండో పట్టు ఎవరూ గెలవలేదు. అంచేత బిరుదు పోలేదని మిల్డ్రెడ్ అనుకుంటూ బయటికొచ్చింది. మర్నాడు పత్రికల్లో బైయర్స్ గెలిచిందని వచ్చింది. అదే రికార్డయింది.

బైయర్స్‌ని తిట్టబుద్ధి కాదు నాకు. ఆవిడా గట్టి మనిషి, అన్ని పట్లూ తెలిసినదే. ఆవిడ రొట్టె కూడా ఆ మామగారి చేతిలోనే ఉంది.

మిల్డ్రెడ్ ఇంట్లో కూచుని ఏడవలేదు. ఆ నవంబరులోనే కొందరు ఆడవాళ్లని వెంటబెట్టుకుని జపాను వెళ్లింది. అక్కడ అంతకుముందే ఒకరిద్దరు ఆడవాళ్లు కుస్తీ పడుతున్నా, పట్టించుకున్నవాళ్లు తక్కువ. వీళ్లని చూడ్డానికి జనం విరగబడ్డారు. మరుసటేడు జపాను ఆడపిల్లల బృందాలు ఒకదాని తర్వాత ఒకటి పుట్టుకొచ్చాయి. మిల్డ్రెడ్ తను పెట్టుకున్న సంఘం పేరుమీద ఒక బిరుదు పెట్టుకుంది. అది 1970లో ఆల్ జపాన్ విమెన్స్ వాళ్ల దగ్గరికి చేరి, 2005లో ఆ సంస్థ మూతపడేదాకా వాళ్ల అన్నిటికన్నా పెద్ద బిరుదుగా ఉంది. ఎర్ర బెల్టు అనేవారు దాన్ని. 1980లలో ఆ కుస్తీలకి స్కూలు పిల్లలు, అందులోనూ ఆడపిల్లలు, వేలకొద్దీ వచ్చి గొంతులు పోయేలా అరిచేవారట. నన్నడిగితే మిల్డ్రెడ్ కథలో ఇది నాకు అన్నిటికన్నా నచ్చిన చోటు.

ఆవిడ మాత్రం కొన్నాళ్లకే గోదా వదిలేసి, కాలిఫోర్నియాలో ఆడపిల్లలకి కుస్తీ నేర్పుకుంటూ ఉండిపోయింది. వుల్ఫ్ 1963లో పోయాడు. తన కథ తనే రాసుకుంది గానీ బతికుండగా దాన్ని అచ్చువేసినవాళ్లు లేరు. 1989 ఫిబ్రవరిలో, 73 ఏళ్ల వయసులో కన్నుమూసింది. న్యూజెర్సీలో కుస్తీల కంపెనీ వాళ్లు మాది పోటీ కాదని ఒప్పుకున్నదీ ఆ నెలలోనే. 2025లో ఆవిడ మీద ఓ సినిమా కూడా వచ్చింది.

ఇదంతా మా వాడికి చెప్పాను. రిమోటు పక్కన పెట్టి విన్నాడు, అదే పదివేలు. విన్నాక కాసేపు ఆలోచించి, "అయితే ఆ అట్లాంటాలో ఎవరు గెలిచినట్టు పిన్నీ?" అన్నాడు.

"బైయర్స్ అని రాసుందిరా."

"రాసుండడం కాదు," అన్నాడు వాడు. "ఆ రెండో పట్టు సంగతి అడుగుతున్నా."