గద్దె పోయిన వంశం, జనం చూసిన అర్హత

బేతంచెర్ల చుట్టుపక్కల గద్దెలు పోయిన ఊళ్లు చాలా ఉన్నాయి: బనగానపల్లె, నొస్సం, కర్నూలు. రాజ్యం కోల్పోయిన వంశంలో పుట్టినవాడికి మళ్లీ జనాన్ని నడిపే అర్హత ఉందా? ఈ ప్రశ్న తెలుగు దేశానికి నాలుగు వందల ఏళ్లుగా ఎదురవుతూనే ఉంది.

1614లో విజయనగర రాజు అరవీటి వెంకటపతిరాయలు చనిపోయాక, కొత్త రాజు శ్రీరంగరాయలను కుటుంబంతో సహా గొబ్బూరి జగ్గరాజు చంపించాడు. మిగిలింది బాలుడు రామదేవుడు. వెలుగోటి యాచమనాయుడు ఒక చాకలి సాయంతో అతణ్ని వేలూరు కోట దాటించి, తోపూరు యుద్ధంలో గెలిచి పట్టం కట్టించాడు. బాలుడికి వంశం పేరునిచ్చింది, గద్దెనిచ్చింది మాత్రం ప్రాణాలకు తెగించిన ఆ ఇద్దరే. తర్వాతి కాలంలో మూడవ శ్రీరంగరాయలకు ఆ అండ కరువైంది. సొంత నాయక రాజులే ఎదురు తిరిగారు. బిజాపూరు, గోల్కొండ సేనల ధాటికి రాజ్యం వదిలి, ఇక్కేరి శివప్పనాయకుడి ఆశ్రయం చేరాడు. బిరుదులు మిగిలినా రాజ్యం తిరిగి రాలేదు.

కుంపిణీ కాలం నుంచి అర్హత తేల్చే పెత్తనం తెల్లదొరల చేతికి పోయింది. 1800లో నిజాం దత్తమండలాలను కుంపిణీకి వదులుకున్నాక, కలెక్టరు మన్రో పాలెగాళ్ల అధికారం తీసేసి భరణాలతో సరిపెట్టాడు. 1839లో ఆయుధాలు కూడబెట్టాడని కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్‌ను దించి తిరుచిరాపల్లికి పంపారు. మరుసటి ఏడే అక్కడ అతను హత్యకు గురయ్యాడు. బనగానపల్లె నవాబును 1905లో ఆర్థిక నిర్వహణ సరిగా లేదని పక్కనబెట్టి, 1908లో అతని కొడుకుకు గద్దె ఇచ్చారు. ఈ నిర్ణయాల్లో రైతు మాటకు చోటే లేదు.

ఆ చోటు ఉయ్యాలవాడ నరసింహారెడ్డి వెనక కనిపిస్తుంది. నొస్సం పాలెగాడి మనవడైన అతనికి భరణం అందకపోవడం సొంత కష్టం. మాన్యాలు పోగొట్టుకున్న ఊరి కావలివాళ్లకు, అంటే కట్టుబడులకు, అది తమ కష్టంలాగే తోచింది. 1846 జూలైలో వాళ్లు అతనితో కలిసి కోవెలకుంట్ల ఖజానా మీద పడ్డారు. 1847 ఫిబ్రవరి 22న అతన్ని అక్కడే ఉరి తీశారు. సీమ అతన్ని ఇప్పటికీ తలుచుకుంటున్నది తాత పాలెగాడనే కారణంతో కాదు, కలిసి తెగబడ్డాడనే.

1948లో బనగానపల్లె సంస్థానం మద్రాసు రాష్ట్రంలో కలిసింది. 1971లో 26వ రాజ్యాంగ సవరణ రాజభరణాలనూ బిరుదుల గుర్తింపునూ రద్దు చేసింది. గద్దె పోయిన వారసుడికి మిగిలే దారి బల్గేరియాలో కనిపిస్తుంది. అక్కడ బాలరాజుగా ఉండి తొమ్మిదేళ్లకే దేశం విడిచిన సిమియన్, 2001 ఎన్నికల్లో తన పార్టీని గెలిపించి ప్రధాని అయ్యాడు. 2005 ఎన్నికల తర్వాత ఆ పదవి వదిలాడు. ప్రవాసంలో పెరిగిన వారసుడికి సరైన దారి ఇదే. అతను ఓటు అడగవచ్చు, లెక్క చెప్పాలి, జనం వద్దంటే దిగిపోవాలి. వంశం అతన్ని జనానికి పరిచయం చేస్తుంది. అంతకుమించిన హక్కేదీ దానికి ఇవ్వకూడదు.