నిరంతర ప్రచురణ – వ్యక్తి గోప్యత: ఒక చారిత్రక పరిశీలన

ఒక గణాంకాన్ని ఒకసారి ప్రకటించడం వేరు, దానినే ప్రతిదినం సవరించి ప్రకటిస్తూ పోవడం వేరు. 1965లో స్టాన్లీ వార్నర్ సర్వేల కోసం ప్రతిపాదించిన యాదృచ్ఛిక సమాధాన పద్ధతిలోనే ఈ సమస్యకు బీజం ఉంది. ప్రశ్న ఏ రూపంలో ఎదురైందో సమాధానమిచ్చే వ్యక్తికే తెలుస్తుంది గనుక అతని రహస్యం నిలుస్తుంది; జనాభాలోని నిష్పత్తి మాత్రం లెక్కకు అందుతుంది. అయితే అదే వ్యక్తిని అదే ప్రశ్న నూరుసార్లు అడిగితే నిజం తేలిపోతుంది.

2011లో కలాండ్రినో, నారాయణన్ తదితరులు ప్రకటించిన పరిశోధన ఈ ప్రమాదాన్ని కళ్లకు కట్టింది. వారు పరిశీలించినవి వ్యక్తుల వివరాలు కావు. అమెజాన్, లైబ్రరీథింగ్, లాస్ట్ ఎఫ్ఎం వంటి సంస్థలు ప్రకటించే 'ఇది కొన్నవారు ఇవి కూడా కొన్నారు' తరహా జాబితాలు. ఒక పాఠకుడు బహిరంగంగా సమీక్షించిన కొన్ని పుస్తకాలు మనకు తెలుసనుకుందాం. ఆ పుస్తకాలన్నిటి జాబితాలలోకీ ఒకే వారంలో ఒక కొత్త గ్రంథం ఎక్కితే, దానిని అతడే కొని ఉంటాడని ఊహించవచ్చు. ఏ ఒక్క రోజు జాబితాలోనూ రహస్యం లేదు. రెండు రోజుల జాబితాల మధ్య తేడాలో ఉంది.

దీనికి గణిత సమాధానం అంతకు ముందే, 2010లో, సింథియా డ్వర్క్, మోనీ నయోర్, టోనియన్ పిటాసి, గై రోత్‌బ్లమ్‌ల నుండి వచ్చింది. చాన్, షీ, సాంగ్‌లు కూడా అదే ఏడాది అటువంటి పద్ధతినే ప్రకటించారు. కాలాన్ని 1, 2, 4, 8 రోజుల ఖండాలుగా విభజించి, ఒక్కొక్క ఖండపు మొత్తానికి యాదృచ్ఛిక సంఖ్యను కలుపుతారు. 1024 రోజుల లెక్కలో ఒక ఘటన 11 ఖండాలలో మాత్రమే చేరుతుంది. ఏ రోజు వరకైనా మొత్తాన్ని 10కి మించని ఖండాలతో కూర్చవచ్చు. దోషం అదుపులో ఉంటుంది. కాని ఇక్కడ రక్షణ పొందేది ఒక ఘటనా, ఒక వ్యక్తి చర్యలన్నీనా? ఈ భేదాన్ని డ్వర్క్ బృందమే స్పష్టంగా చెప్పింది. నా దృష్టిలో ఆ వ్యాసపు అసలు విలువ పద్ధతిలో కంటే ఈ ప్రశ్నలోనే ఉంది.

ఆచరణలో ఆ ప్రశ్న మరుగున పడింది. 2014లో గూగుల్ తన ర్యాపర్ పద్ధతిలో ఒకసారి యాదృచ్ఛికంగా మార్చిన సమాధానాన్నే భద్రపరచి మళ్లీ వాడింది. మారని విలువలకు అది చాలును. 2017లో ఆపిల్ మ్యాక్ ఓఎస్‌ను విశ్లేషించిన పరిశోధకులు, గోప్యతా నష్టపు కొలమానమైన ఎప్సిలాన్ రోజుకు 16 వరకు చేరవచ్చనీ, ఆ పరిమితి ప్రతిదినం కొత్తగా మొదలవుతుందనీ తేల్చారు. ఆపిల్ ఆ నిర్ధారణను అంగీకరించలేదు.