హోమ్ థియేటర్ రిసీవరు

హోమ్ థియేటర్ రిసీవరు (ఏవీ రిసీవరు) అనగా టీవీ, డిస్క్ ప్లేయరు, సెట్‌టాప్ బాక్సు వంటి పరికరాల నుండి వచ్చే ధ్వని సంకేతాలను స్వీకరించి, చానళ్ళుగా విడదీసి, ఒక్కొక్క స్పీకరుకు తగిన శక్తితో పంపే సాధనం. పరికరాల నుండి వచ్చే బొమ్మను టీవీకి చేర్చడం కూడా దీని పనే. తక్కువ ఖర్చులో రిసీవరును ఎంచుకొనునపుడు పెట్టెపై ముద్రించిన వాట్ల సంఖ్య కంటె గది, స్పీకర్లు, విద్యుత్ సరఫరా, వేడిమి అనే నాలుగు విషయాలు ముఖ్యమైనవి. గుంటూరు, ప్రకాశం ప్రాంతాల వంటి ఎండ తీవ్రత గల మైదానాలలో చివరి రెండింటికి ప్రాధాన్యం మరింత ఎక్కువ.

చరిత్ర

సినిమా హాళ్ళలో డాల్బీ డిజిటల్ విధానం 1992లో "బ్యాట్‌మన్ రిటర్న్స్" చిత్రంతోను, డీటీఎస్ విధానం 1993లో "జురాసిక్ పార్క్" చిత్రంతోను ప్రవేశించాయి. 1996లో జపానులో విడుదలైన డీవీడీ వలన బహుళ చానళ్ళ ధ్వని ఇళ్ళలోకి విస్తరించింది. పైకప్పు వైపు నుండి కూడా శబ్దం వినిపించే డాల్బీ అట్మాస్ 2012లో వచ్చింది. తెలుగులో "బాహుబలి" (2015) ఈ విధానంలో విడుదలైన చిత్రాలలో ఒకటి.

చానళ్ళు

5.1 అనగా ముందు ఎడమ, మధ్య, కుడి. ప్రక్కల లేక వెనుక ఎడమ, కుడి అనే 5 స్పీకర్లు, వీటికి తోడు తక్కువ పౌనఃపున్య శబ్దాలకు ఒక సబ్‌వూఫరు. సంభాషణలు ఎక్కువగా మధ్య స్పీకరు నుండి వస్తాయి. 5.1.2 అనే అట్మాస్ అమరికకు 7 ఆంప్లిఫైయరు చానళ్ళు గల రిసీవరు కావాలి. పైకప్పు స్పీకర్లు పెట్టే ఉద్దేశం లేని ఇంటికి 5 చానళ్ళ రిసీవరు సరిపోతుంది.

వాట్ల లెక్క

ప్రకటనలలో కనిపించే పీఎంపీఓ సంఖ్య క్షణకాలపు గరిష్ఠ శక్తిని ఊహించి వేసినది. దానికి ప్రామాణికమైన కొలత పద్ధతి లేదు. చూడవలసినది ఆర్ఎంఎస్ వాట్లు. అందులోనూ ఎన్ని చానళ్ళు ఒకేసారి పనిచేయగా, ఎన్ని ఓముల వద్ద, ఎంత శాతం వికృతితో కొలిచారో గమనించాలి. ఒక్క చానలును మాత్రమే నడిపి, 10 శాతం వికృతితో కొలిచిన 100 వాట్లు, అన్ని చానళ్ళనూ నడిపినపుడు బాగా తగ్గిపోతాయి.

శక్తి రెట్టింపైతే శబ్ద తీవ్రత 3 డెసిబెల్లు మాత్రమే పెరుగుతుంది. చెవికి శబ్దం రెట్టింపైనట్లు తోచడానికి సుమారు 10 డెసిబెల్లు, అనగా 10 రెట్ల శక్తి అవసరం. 87 డెసిబెల్ల సున్నితత్వం గల స్పీకరు బదులు 90 డెసిబెల్లది తీసుకుంటే సగం శక్తితో అదే శబ్దం వస్తుంది. కావున అదనపు వాట్లకు పెట్టే ఖర్చు కంటె మంచి స్పీకర్లకు పెట్టే ఖర్చు ఎక్కువ ఫలితమిస్తుంది.

గది

సిమెంటు శ్లాబు, గచ్చు లేక టైల్సు నేల, ఖాళీ గోడలు గల హాలులో శబ్దం ప్రతిధ్వనించి మాటలు స్పష్టంగా వినిపించవు. ఈ లోపాన్ని ఖరీదైన రిసీవరు కూడా పూర్తిగా సరిచేయలేదు. నల్లరేగడి నేలల్లో పండే పత్తి ఇక్కడ ఉపయోగపడుతుంది. మందమైన నూలు తెరలు, దూది పరుపులు, తివాచీలు ముఖ్యంగా హెచ్చు పౌనఃపున్య శబ్దాలను పీల్చుకుంటాయి. మైక్రోఫోనుతో గదిని కొలిచి ధ్వనిని సర్దుబాటు చేసే సదుపాయం ఉన్న రిసీవరు మేలు.

విద్యుత్తు, వేడిమి

భారతదేశంలో గృహ విద్యుత్ సరఫరా 230 వోల్టులు, 50 హెర్ట్‌జ్. వోల్టేజి హెచ్చుతగ్గులు ఎక్కువగా ఉన్న గ్రామాలలో స్టెబిలైజరు, సరైన ఎర్తింగు అవసరం. స్క్వేర్ వేవ్ ఇన్వర్టరుపై నడిపితే స్పీకర్లలో రొద రావచ్చు.

పల్నాడు జిల్లాలోని రెంటచింతల (2022 వరకు గుంటూరు జిల్లా) ఎండలకు పేరుపొందినది. మే నెలలో ఈ మైదానాలలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. కొన్ని రిసీవర్ల సూచన పుస్తకాలలో గది ఉష్ణోగ్రత పరిమితి 35 డిగ్రీలే. గోడలోని సిమెంటు అరలోనో, అద్దాల షోకేసులోనో బిగించిన రిసీవరుకు గాలి ఆడదు. పైన, ప్రక్కల ఖాళీ వదలాలి. గాలి రంధ్రాలపై గుడ్డ కప్పరాదు. దుమ్ము తరచు దులపాలి. చీరాల వంటి తీర ప్రాంతాలలో ఉప్పుగాలి వలన కనెక్షన్లు తుప్పు పట్టకుండా చూడాలి.

విదేశాల నుండి తెచ్చినవి

అమెరికాలో స్థిరపడిన బంధువులు తెచ్చే రిసీవర్లు సాధారణంగా 120 వోల్టులు, 60 హెర్ట్‌జ్‌కు చేసినవి. వాటిని నేరుగా 230 వోల్టులకు తగిలిస్తే కాలిపోయే ప్రమాదం ఉంది. తగిన సామర్థ్యం గల స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మరు తప్పనిసరి. అయినా 50 హెర్ట్‌జ్ వలన లోపలి ట్రాన్స్‌ఫార్మరు ఎక్కువ వేడెక్కవచ్చు. రేడియో ట్యూనింగు అంతరం 0.2 మెగాహెర్ట్‌జ్ కావడంతో 102.2 వంటి సరి దశాంశం గల ఎఫ్ఎం స్టేషన్లు కొన్నింటిలో దొరకవు. ఇక్కడ వారంటీ వర్తిస్తుందో లేదో ముందుగానే విచారించాలి. ఇవన్నీ లెక్కిస్తే కొన్నపుడు కనిపించిన ఆదా మిగలకపోవచ్చు.

కొనుగోలులో గమనించవలసినవి

* స్పీకరు ఓములు రిసీవరు అనుమతించే పరిమితిలో ఉండాలి. రెండు 8 ఓముల స్పీకర్లను సమాంతరంగా కలిపితే 4 ఓములవుతుంది.
* టీవీ ధ్వనిని రిసీవరుకు పంపడానికి హెచ్‌డీఎమ్‌ఐలో ఏఆర్‌సీ (2009) లేక ఈఏఆర్‌సీ (2017) సదుపాయం ఉండాలి. హెచ్‌డీఎమ్‌ఐ లేని పాత రిసీవరును ఆప్టికల్ తీగతో కలిపి సాధారణ 5.1 ధ్వనిని వినవచ్చు.
* ఒకే పెట్టెలో వచ్చే సెట్లలో ప్రత్యేక ప్లగ్గులు, తక్కువ ఓముల స్పీకర్లు ఉండడం వలన తరువాత మార్పులు చేయడం కష్టం.
* విడి రిసీవరును మొదట రెండు ముందు స్పీకర్లతోనే వాడవచ్చు. మధ్య స్పీకరు లేదని అమరికలో తెలిపితే సంభాషణలు ఆ రెండింటి నుండే వస్తాయి. పంట డబ్బుపై ఆధారపడిన కుటుంబం మిగిలిన స్పీకర్లను అప్పు లేకుండా, వీలు కలిగిన ఏడాది చేర్చుకొనగలదు.
* వాడిన రిసీవరును కొనేముందు ప్రతి చానలును, ప్రతి హెచ్‌డీఎమ్‌ఐ ద్వారాన్ని పరీక్షించి, కనీసం గంటసేపు నడిపి చూడాలి. వేడెక్కిన తరువాతనే బయటపడే లోపాలు ఉంటాయి.