నెత్తిన మోసే బరువు: సైనిక హెలికాప్టర్ హెల్మెట్ కథ

చేవెళ్ల, మొయినాబాద్ ఊళ్లలో కూరగాయల గంప నెత్తికెత్తుకునే ఆడవాళ్లు ముందు చుట్టబట్ట పెట్టుకుంటారు. గంప నడినెత్తిన కుదురుగా కూర్చుంటే బరువు వెన్ను మీదుగా దిగుతుంది. ముందుకు ఒరిగితే మాత్రం, దాన్ని ఆపే భారమంతా మెడ వెనుక కండరాల మీదే పడుతుంది. సైనిక హెలికాప్టర్ పైలట్ల మెడనొప్పికి మూలం సరిగ్గా ఇదే.

తొలినాళ్లలో హెల్మెట్‌కు రెండే పనులు: దెబ్బ తగలకుండా తలను కాపాడటం, రేడియోలో మాట వినిపించటం. 1970లలో అమెరికా సైన్యం చీకట్లో ఎగరటం మొదలుపెట్టాక కథ మారింది. నేల మీది సైనికుల కోసం చేసిన పీవీఎస్-5 రాత్రి కళ్లద్దాలనే పైలట్లకూ ఇచ్చారు. కిలోకు కాస్త తక్కువ తూగే ఆ పరికరం ముఖం ముందు వేలాడేది. సరితూకం కోసం హెల్మెట్ వెనుక మరో బరువు కట్టుకున్నారు. ఒరుగు తగ్గింది, మొత్తం బరువు పెరిగింది. 1980లలో పైలట్ల కోసమే రూపొందిన ఆన్విస్ అద్దాలు కొంత తేలికయ్యాయి.

అదే దశాబ్దంలో వచ్చిన అపాచీ యుద్ధ హెలికాప్టర్, హెల్మెట్‌ను ఆయుధంలో భాగం చేసింది. కుడికంటి ముందు చిన్న తెర ఉంటుంది. పైలట్ తల ఎటు తిప్పితే తుపాకీ అటు తిరుగుతుంది. ఆ అపాచీల ఫ్యూజలేజ్‌లు (ప్రధాన దేహాలు) 2018 నుంచి చేవెళ్ల, మొయినాబాద్‌లున్న రంగారెడ్డి జిల్లాలోనే, ఆదిబట్లలోని టాటా బోయింగ్ కర్మాగారంలో తయారవుతున్నాయి. 2019 సెప్టెంబరులో పఠాన్‌కోట్‌లో భారత వాయుసేన అపాచీలను చేర్చుకుంది.

బరువొక్కటే కాదు, కూర్చునే తీరూ మెడను బాధిస్తుంది. ఎడమ చేయి సీటు పక్కనున్న కలెక్టివ్ అనే నియంత్రణ పిడి మీద, కుడి చేయి మోకాళ్ల మధ్యనున్న సైక్లిక్ అనే పిడి మీద ఉంటాయి. నడుము ముందుకు వంగుతుంది, చూపు నిలపటానికి మెడ పైకి లేస్తుంది. రోటర్ అదురు ఆగదు. రాత్రి అద్దాల్లో చూపు పరిధి ఇరుకు కాబట్టి తల పదేపదే తిప్పాలి. తలుపులోంచి వంగి కిందికి చూసే సిబ్బందికి ఇంకా కష్టం. కెనడా గ్రిఫన్ హెలికాప్టర్ సిబ్బంది మీద 2004లో వెలువడిన అధ్యయనంలో పదిమందిలో ఎనిమిది మందికి పైగా మెడనొప్పి ఉందన్నారు.

అమెరికా సైన్యపు వైద్య పరిశోధకులు తల మోసే పరికరాలకు సుమారు 2.5 కిలోల హద్దు సూచించారు. బరువు ఎంతన్నదే కాక, దాని కేంద్రం ఎక్కడుందన్నదీ లెక్కలోకి తెచ్చారు. తేలికైన గుల్ల, ప్రతి తలకూ విడిగా సరిచేసిన లోపలి మెత్త, వెనక్కి జరిపిన బ్యాటరీ, నడుమును నిలిపే సీటు, మెడ వ్యాయామం: ఇవన్నీ కలిస్తేనే ఉపశమనం.

హకీంపేటలోని హెలికాప్టర్ శిక్షణ పాఠశాలలో చేతక్ హెలికాప్టర్ మీద చేయి తిరిగిన కుర్రవాళ్లు రేపు రాత్రి అద్దాలతో ఎగరాలి. వాళ్ల కోసం కొత్త హెల్మెట్ కొనేటప్పుడు తెర స్పష్టతతో పాటు తూకం ఎటు ఒరుగుతోందో కూడా పరీక్షించాలి. మెడకు కసరత్తు శిక్షణ తొలివారం నుంచే మొదలవ్వాలి.