ధరల వెనక పరుగెత్తే జీతం

జీతంలో డీఏ (కరువు భత్యం) అనే పద్దు వెనక ఉన్న వాదం తెలియాలంటే 1918 నాటి అహ్మదాబాద్ బట్టల మిల్లులకు వెళ్లాలి. అంతకు ముందు ఏడాది ప్లేగు భయానికి జనం ఊరు వదిలిపోతుంటే, కార్మికులను నిలుపుకోవడానికి యజమానులు పెద్ద బోనస్ ఇచ్చారు. ప్లేగు తగ్గగానే దాన్ని ఆపేశారు. మొదటి ప్రపంచ యుద్ధంతో పెరిగిన ధరలు మాత్రం దిగలేదు. నేత కార్మికులు 50 శాతం పెంపు అడిగారు, యజమానులు 20 దగ్గర ఆగారు. కార్మికుల పక్షాన అనసూయా సారాభాయి నిలిస్తే, ఆమె తమ్ముడు అంబాలాల్ యజమానుల వైపు ఉన్నారు. ఆ వివాదంలో కార్మికుల పక్షాన గాంధీజీ చేసిన ఉపవాసం గురించి చాలామంది రాశారు. అంతకు ముందే ఆయన ధరలూ జీతాలూ విచారించి 35 శాతం న్యాయమని తేల్చారు. నాకు ఆ విచారణే ముఖ్యంగా తోస్తుంది. కూలిని రూపాయల్లో కాక అది కొనిపెట్టే సరుకుల్లో చూడటం అందులో ఉంది. చివరికి మధ్యవర్తి ఆనందశంకర్ ధ్రువ కూడా 35 శాతమే ఇప్పించారు.

రూ.300 కూలి మారకుండా ధరలు 10 శాతం పెరిగితే, ఆ డబ్బుకు వచ్చేది పాత ధరల్లో సుమారు రూ.273 సరుకే. ఎవరూ కోయకుండానే జరిగే కోత ఇది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో కరువు భత్యం పరిశ్రమల్లో విస్తరించింది. తర్వాత సిమ్లాలోని లేబర్ బ్యూరో లెక్కగట్టే పారిశ్రామిక కార్మికుల ధరల సూచీ దానికి కొలబద్ద అయింది.

1974లో ధరల పెరుగుదల 20 శాతం దాటింది. ఆ ఏడాదే కేంద్రం చట్టం చేసి, పెరిగే డీఏలో సగాన్ని నిర్బంధ డిపాజిట్‌గా పట్టి ఉంచింది. ద్రవ్యోల్బణాన్ని అణచడానికని చెప్పిన ఆ భారం, అప్పటికే దాని దెబ్బ తిన్నవారి మీదే పడింది. ఇది అన్యాయమనే నా అభిప్రాయం.

1996 నుంచి కేంద్ర ఉద్యోగులకు అన్ని స్థాయుల్లో ధరల పెరుగుదలను పూర్తిగా పూడ్చే డీఏ వచ్చింది. కొవిడ్ కాలంలో ఆ డీఏ పెంపూ 18 నెలలు నిలిచిపోయింది. ఇక గ్రామీణ ఉపాధి హామీ పథకం కూలిని 2011లో వ్యవసాయ కార్మికుల ధరల సూచీకి కట్టారు. అప్పట్లో ఆ సూచీకి ఆధార సంవత్సరం 1986-87. మోటారు సైకిలుకు పెట్రోలు, ఫోనుకు రీఛార్జి పల్లె ఖర్చుల్లో చేరాక కూడా ఏళ్ల తరబడి ఆ పాత సరుకుల బుట్టతోనే కూలిని కొలిచారు. ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లలో, చిన్న దుకాణాల్లో కుర్రాళ్లలో చాలామందికి ఆచరణలో ఆ పాటి ఆసరా కూడా అందదు. బియ్యం ధర పెరిగిన నెల వాళ్లు యజమానిని అడగాలి, లేదా అప్పు చేయాలి.