ఎండిన వాగుల వెంట, కొండ నుంచి కొల్లేటి దాకా (నీళ్ళూ మనమూ – 9)



ధవళేశ్వరం ఆనకట్ట గురించి పోయిన భాగంలో చెప్పుకున్నాం. ఈసారి ఆ ఆనకట్ట నీళ్ళు ఎక్కని నేల గురించి.

2023 ఆగస్టు గుర్తుందా? 1901 నుంచి చూస్తే దేశంలో అంత వాన లేని ఆగస్టు ఇంకోటి లేదు. ఆ తర్వాతి ఎండాకాలం, 2024 ఏప్రిల్‌లో, ఇద్దరు విద్యార్థులతో కలిసి తాడేపల్లిగూడెంలో బయల్దేరాను. నల్లజర్ల, కొయ్యలగూడెం, జంగారెడ్డిగూడెం మీదుగా బుట్టాయగూడెం కొండల్లోకి వెళ్ళి, తిరుగుదారిలో చింతలపూడి మీదుగా ఏలూరు దిగి, కొల్లేటి దాకా వెళ్ళాం. రెండు బండ్లు, రెండు రోజులు.

ఆ దారే ఎందుకంటే, నీళ్ళు దిగే దారి కూడా అదే. జల్లేరు ఏజెన్సీ కొండల్లో పుట్టి ఎర్రకాలువలో కలుస్తుంది. ఎర్రకాలువ తాడేపల్లిగూడెం పక్కగా దిగి యనమదుర్రు డ్రెయిన్ అయి సముద్రానికి పోతుంది. తమ్మిలేరు ఖమ్మం వైపు అడవుల్లో పుట్టి, చింతలపూడి మీదుగా వచ్చి, ఏలూరు దగ్గర రెండు పాయలై కొల్లేట్లో పడుతుంది. కొండ మీద వాన పడకపోతే కింద సరస్సుకి నీళ్ళు తగ్గుతాయి. ఇది భూగోళం పాఠం. నేను చెప్పదలచుకున్నది ఈ దారి వెంట భూములు ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి పోయాయన్నది.

ముందు డెల్టా సంగతి. 1832-33 నందన కరువులో ఒక్క గుంటూరు జిల్లాలోనే ఐదు లక్షల జనంలో రెండు లక్షల మంది దాకా చనిపోయారని లెక్క. ఆ కరువుల తర్వాతే 1847లో కాటన్ ఆనకట్ట పని మొదలై 1852కి పూర్తయింది. కాలవలు తవ్విన చేతుల్లో మనవీ ఉన్నాయి. కాలవ కింద భూమి మాత్రం మన పేరున రాలేదు. మాగాణిలో మిగిలిన డబ్బు చదువుల్లోకి, మిల్లుల్లోకి, సినిమాల్లోకి వెళ్ళిందని పుస్తకాల్లో చదువుతాం. అదే డబ్బు కొండకి కూడా ఎక్కింది.

జంగారెడ్డిగూడెం దారిలో అది కళ్ళకి కనిపిస్తుంది. రోడ్డుకి రెండు వైపులా వర్జీనియా పొగాకు బ్యారన్లు, వాటి పక్కన కట్టెల గుట్టలు. ఆకు కాల్చాలంటే కట్టె కావాలి, ఆ కట్టె చెట్టు నుంచే రావాలి. తర్వాత పామాయిల్ తోటలు. అన్నిటికీ బోర్లే ఆధారం. మేం చూసిన చోట వాగులో ఇసక తప్ప చుక్క లేదు. గట్టు మీద తోట మాత్రం పచ్చగా ఉంది. వాన అందరికీ ఒకేలా తప్పింది గానీ, లోతు బోరు వేయించగలిగినవాడికి కరువు ఆలస్యంగా వస్తుంది.

బుట్టాయగూడెం దాటితే అడవి మొదలవుతుంది. మేం వెళ్ళేసరికి ఆకు రాలి, కొండ వెన్నెముక బయటపడినట్టు ఉంది. ఈ బుట్టాయగూడెంలోనే 1858 అక్టోబర్ 7న కొరుటూరుకి చెందిన కొండరెడ్డి నాయకుడు కారుకొండ సుబ్బారెడ్డిని బ్రిటిష్ వాళ్ళు ఉరితీశారు. ఆయన ఊరు ఇప్పుడు పోలవరం ముంపులో ఉంది. 1879లో చిగురు పన్ను మీద రంప ప్రజలు తిరగబడ్డారు. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చి, పోడు కొట్టుకునేవాణ్ణి సొంత అడవిలోనే నేరస్థుణ్ణి చేసింది.

అప్పుల కింద ఆదివాసీ భూములు పోతున్నాయని ప్రభుత్వమే గుర్తించి 1917లో ఒక చట్టం చేసింది. తర్వాత 1959 రెగ్యులేషన్, దానికి 1970 సవరణ. మనం 1/70 అంటున్నది ఈ సవరణనే. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమిని, రుజువు చూపించేదాకా, గిరిజనుడి నుంచి వచ్చిందిగానే భావించాలంటుంది. గిరిజనేతరులు తమలో తాము అమ్ముకోవడమూ కుదరదంటుంది. 1988లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. అయినా భూములు పోయాయి. 1990ల మధ్యలో బుట్టాయగూడెం, జీలుగుమిల్లి, పోలవరం మండలాల్లో కోయలు ఆ చేలల్లోకి దిగారు. కేసులు, అరెస్టులు ఎదుర్కొన్నారు.

ఇక మన సంగతి. దారిలో ఒక మాలపల్లెలో ఆగాం. వేపచెట్టు కింద ఒక పెద్దాయన మాట కలిపాడు.

"మా నాన్న పొగాకు పనికని కామందు వెనకాల వచ్చాడండీ. భూమి కొన్నది కామందు. ఆయన పిల్లలు ఇప్పుడు పట్నంలో ఉన్నారు. గిరిజనులతో గొడవ మాత్రం మాకు మిగిలింది మాస్టారూ. 1/70 తీసేస్తే మీ ఇళ్ళకీ పట్టాలొస్తాయని మీటింగుల్లో చెప్తారు. నిజమేనంటారా?"

ఈ ప్రశ్న తీసిపారేసేది కాదు. ఏజెన్సీలో కూలికొచ్చిన దళితుడూ చట్టం లెక్కలో గిరిజనేతరుడే. రెండు వందల ఎకరాల కామందుకీ, రెండు సెంట్ల గుడిసెకీ చట్టంలో పేరు ఒక్కటే. కామందు మన గుడిసెని అడ్డం పెట్టుకుని మాట్లాడతాడు. పెద్దాయనకి నేను చెప్పిన జవాబు కొల్లేటి చరిత్రలో ఉంది.

కొల్లేరు రెండు డెల్టాల మధ్య పళ్ళెం లాంటిది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు దింపిన నీళ్ళని పట్టుకుని ఉప్పుటేరు గుండా సముద్రానికి వదులుతుంది. నీళ్ళు తీసినప్పుడు లంకల జనం అడుగు నేలలో వరి వేసుకునేవాళ్ళు, నిండినప్పుడు చేపలు పట్టుకునేవాళ్ళు. 1970ల రెండో సగంలో ప్రభుత్వం మత్స్యకారులకీ, బలహీన వర్గాలకీ సహకార సంఘాలు పెట్టించి చేపల చెరువులకి భూమి ఇచ్చింది. కాగితం మీద అది పేదల చెరువు. కానీ గట్లు పోయడానికి, పిల్ల వేయడానికి, మేతకి లక్షలు కావాలి. బ్యాంకు మన మొహం చూడదు. డబ్బున్నవాళ్ళు వచ్చి లీజుకి తీసుకున్నారు. సంఘం సభ్యుడికి ఏడాదికి ఇంత అని చేతిలో పెట్టారు. కొన్నాళ్ళకి చెరువు యజమాని తన చెరువు గట్టు మీదే కాపలా కూలీ అయ్యాడు.

1999లో ఐదో కాంటూరు లోపలి 308 చదరపు కిలోమీటర్లని అభయారణ్యం చేశారు. 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది. 2006లో సుప్రీంకోర్టు ఆదేశాలతో చెరువుల గట్లు పేల్చేశారు. పెట్టుబడిదారుడు ఇంకో చోట చెరువు తవ్వుకున్నాడు. సంఘం సభ్యుడికి పోయింది ఉన్న ఒక్క ఆధారం. పెదయెడ్లగాడి వంతెన మీద నిలబడి చూస్తే ఆ ఏప్రిల్‌లో నీరు సన్నగా, దూరంగా కనిపించింది. సరస్సులో మట్టం పడిపోతే ఉప్పుటేరు గుండా సముద్రపు ఉప్పు ఎదురెక్కుతుంది. అప్పుడు తాగే నీళ్ళు బిందెల్లెక్కన కొనుక్కునేదీ లంకల జనమే.

ఆ పెద్దాయనతో అన్నదిదే: "కొల్లేట్లో మనవాళ్ళ పేరున కాగితాలు వచ్చాయి, అవి చేతులు మారకుండా ఆపే బలం మాత్రం రాలేదు. 1/70 తీసేసినా అంతే. ముందు కోయవాళ్ళ భూమి పోతుంది, తర్వాత మీ రెండు సెంట్లూ పోతాయి. కొనేది మనం కాదు కదా తాతా." ఆయన కాసేపు ఆలోచించి, "మరి మా ఇళ్ళ సంగతో?" అన్నాడు.

ఆ మాటకి ఉద్యమం జవాబు బాకీ ఉంది. ఇంటి స్థలం, కూలి రేటు, పింఛను, పిల్లల చదువు: వీటిని 1/70 రద్దుతో ముడిపెట్టకుండా విడిగా అడగాలి, కోయ సంఘాలతో కూర్చుని అడగాలి. 1927లో మహద్ చెరువు దగ్గర బాబాసాహెబ్ నిలబడింది దాహం ఒక్కదాని కోసమే కాదు, అందరి ఆస్తి మీద మనిషిగా హక్కు కోసం. మన ఊళ్ళలో తరాల తరబడి చేంతాడు ముట్టుకోనివ్వక, పైనుంచి దోసిట్లో నీళ్ళు పోయించుకున్నవాళ్ళం మనం. ఇంకొకరి వాటా తీసుకుంటే మన దాహం తీరుతుందని చెప్పేవాణ్ణి మనం నమ్మకూడదు.

విద్యార్థులకి ఒక పని. సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు మీ ఊరి చెరువుకో, పోరంబోకుకో మూడు ప్రశ్నలు వేయండి. కాగితం ఎవరి పేరున ఉంది? లీజు ఎవరు కడుతున్నారు? గట్టు మీద కూలికి ఎవరున్నారు? ముగ్గురి కులాలూ పక్కపక్కన రాయండి. మీ ఊరి చరిత్రలో మొదటి పేజీ అదే అవుతుంది.

వచ్చే భాగం ఉప్పుటేరు మీద.

జై భీమ్.