ఎర్రదీపం దాటిందెవరు?

వికారాబాద్, తాండూరు జనం ఎర్రదీపాన్ని మొదట చూసింది రోడ్డు మీద కాదు, రైలు పట్టాల పక్కన. నిజాం సర్కారు వేయించిన వాడి–సికింద్రాబాద్ లైను 1874లో మొదలైంది. తాండూరు, ధారూర్, వికారాబాద్, శంకర్‌పల్లి ఆ లైను మీదివే. ఈ వైపు ఊళ్లకు మోటారు బండి రాకముందే సిగ్నల్ రెక్కతో, రాత్రిపూట దాని పక్కన వెలిగే దీపంతో పరిచయం ఉంది. ఎంత పెద్ద బండైనా ఎర్రదీపం ముందు ఆగాల్సిందేనని పట్టాల పక్కన పశువులు కాసే పిల్లలకు కూడా తెలుసు.

రోడ్డు సిగ్నల్‌కు మూలం కూడా రైలే. 1868 డిసెంబరులో లండన్ పార్లమెంటు దగ్గర మొదటి సిగ్నల్ స్తంభం నిలబెట్టినాయన జె.పి. నైట్ అనే రైల్వే ఇంజినీరు. పగలు రెక్కలు, రాత్రి గ్యాసుతో వెలిగే ఎరుపు, ఆకుపచ్చ దీపాలు. కొద్ది వారాలకే గ్యాసు పేలి, దాన్ని నడిపే పోలీసు గాయపడ్డాడు. కరెంటు సిగ్నల్ రావడానికి 1914 దాకా ఆగాల్సి వచ్చింది. అది అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో వెలిగింది. మన దగ్గర బస్సులు కూడా రైల్వే నీడలోనే పుట్టాయి. 1932లో 27 బస్సులు, 166 మంది సిబ్బందితో మొదలైన రోడ్డు రవాణా విభాగం నిజాం స్టేట్ రైల్వేలో భాగమే.

రైల్వేలో ఎర్రదీపంతో పాటు ఇంకొకటి కూడా ఉంది. డ్రైవరు ఎర్ర సిగ్నల్ దాటితే విచారణ జరుగుతుంది. దీపం కనబడిందా, బ్రేకు పట్టిందా, సిగ్నల్ సరిగా పనిచేసిందా అని అడుగుతారు. తప్పు తేలితే శిక్ష గట్టిగానే ఉంటుంది. కానీ అడగకుండా తేల్చరు. రోడ్డు మీదికి దీపం వచ్చినంత తొందరగా ఆ అడిగే పద్ధతి రాలేదు. వచ్చిన కాస్తా మన కళ్లముందే అరిగిపోతున్నది. తాండూరులో కూర్చుని లారీ డ్రైవర్లకు అర్జీలు రాసిపెట్టే మనిషిగా నాకు ఆ అరుగుడు రోజూ కనబడుతున్నది.

మా నాయిన బండల లారీ నడిపేవాడు. తాండూరు నీలి బండ, పసుపు బండ దేశమంతా పోతాయి. షాబాదు బండలని పిలిచే ఇళ్లల్లో కూడా చాలాచోట్ల కాళ్లకింద ఉన్నది మా తాండూరు రాయే. నాయిన లైసెన్సు ఇప్పటి కార్డు కాదు, చిన్న పుస్తకం. అట్ట మెత్తబడి, మూలలు నూనె మరకలతో నల్లబడి ఉండేది. ఫొటో మీద ఆఫీసు ముద్ర, వెనుక కొన్ని ఖాళీ పేజీలు. డ్రైవరుకు కోర్టులో శిక్ష పడితే ఆ పేజీల్లో రాసేవారు. దాన్ని ఎండార్స్‌మెంట్ అంటారు. ఆ పేజీలు ఖాళీగా ఉండడమే నాయినకు గౌరవం. కొత్త సేటు దగ్గర పనికి పోతే ముందు అవే తిప్పి చూపించేవాడు.

అప్పట్లో చలానా అంటే మనిషికి మనిషి ఎదురుపడడం. పోలీసు బండి ఆపేవాడు, లైసెన్సు తీసుకునేవాడు, రసీదు రాసిచ్చేవాడు. ఆ రసీదుకు చాలా విలువుంది. 1988 మోటారు వాహనాల చట్టం 206వ సెక్షన్ ప్రకారం, పోలీసు లైసెన్సు తీసుకుంటే తాత్కాలిక రసీదు ఇచ్చి తీరాలి. లైసెన్సు తిరిగొచ్చేదాకా ఆ కాగితం మీదే బండి నడపవచ్చు. తర్వాత మేజిస్ట్రేటు ముందు నిలబడాలి. తప్పు ఒప్పుకుంటే జరిమానా, లేదంటే వాదన. చాలామంది ఒప్పుకుని కట్టేవారు. ఒక రోజు కిరాయి పోవడం కన్నా అదే నయం అనుకునేవారు. అయినా "దాటినవా?" అని ఒక మనిషి అడిగేవాడు, ఒక మనిషి జవాబు చెప్పేవాడు.

ఈ వరస మార్చింది కెమెరా. దాన్ని తయారుచేసినాయన మారిస్ గాట్సొనైడిస్ అనే డచ్చి రేసు డ్రైవరు. 1953లో మాంటికార్లో ర్యాలీ గెలిచాడు. మలుపుల్లో తన కారు వేగం కొలుచుకోవడానికి చేసుకున్న పరికరమే తర్వాత ప్రపంచమంతటా పోలీసుల చేతికి చేరింది. ఆయన కంపెనీ 1960లలో ఎర్రదీపం దాటే బండ్లను పట్టే కెమెరా కూడా తెచ్చింది. ఆ విద్య హైదరాబాద్ కూడళ్లకు చేరాక, బండలు దించి తిరిగొచ్చిన మా డ్రైవర్లకు ఈ-చలానాలు రావడం మొదలైంది.

కెమెరాకు డ్రైవరు తెలియడు, నెంబరు ప్లేటే తెలుసు. మా జిల్లా బండ్ల ప్లేట్లే చూడండి. రంగారెడ్డి జిల్లాలో ఉన్నప్పుడు ఏపీ 28. 2016 అక్టోబరు 11న వికారాబాద్ జిల్లా ఏర్పడ్డాక టీఎస్ 34. 2024 మార్చి నుంచి కొత్త బండ్లకు టీజీ 34. నోటీసు పోయేది బండి ఓనరుకు. నడిపిందెవరో అధికారి అడిగితే చెప్పాల్సిన బాధ్యత 133వ సెక్షన్ ఓనరు మీద పెట్టింది. సేటు అడగకుండా డబ్బు కట్టేసి డ్రైవరు జీతంలో కోసుకుంటే మాత్రం ఆ ప్రశ్న అక్కడే ఆగిపోతుంది.

జరిమానా ఒక్కటే అయితే ఇంత బాధ లేదు. ముప్పు లైసెన్సుకు వచ్చింది. రోడ్డు భద్రత మీద సుప్రీంకోర్టు 2014లో జస్టిస్ కె.ఎస్. రాధాకృష్ణన్ అధ్యక్షతన కమిటీ వేసింది. ఎర్రదీపం దాటినా, తాగి నడిపినా, ఓవర్‌లోడు వేసినా లైసెన్సును కనీసం మూడు నెలలు సస్పెండ్ చేయాలని ఆ కమిటీ 2015లో రాష్ట్రాలకు చెప్పింది. 2017 ఆగస్టు 1న హైదరాబాద్‌లో పెనాల్టీ పాయింట్లు మొదలయ్యాయి. 24 నెలల్లో 12 పాయింట్లు పడితే లైసెన్సు ఏడాది పాటు పోతుందని అప్పుడు నియమం పెట్టారు. 2019 సవరణ 184వ సెక్షన్‌లో ఎర్రదీపం దాటడాన్ని ప్రమాదకరమైన డ్రైవింగ్ కింద చేర్చింది.

అదే సవరణ 200వ సెక్షన్‌లో చేర్చిన మాట డ్రైవర్లలో చాలామందికి తెలియదు. డబ్బు కట్టి రాజీ చేసుకున్నా అది పాత తప్పు కిందే లెక్క. 206వ సెక్షన్ నాలుగో ఉపసెక్షన్ కింద లైసెన్సు మీద జరిగే చర్య కూడా ఆగదు. కడితే ఒడిసిపోతది అనుకోవడం తప్పు.

చట్టం డ్రైవరు చేతికి కూడా కొన్ని పట్లు ఇచ్చింది. 19వ సెక్షన్ కింద లైసెన్సు మీద వేటు వేసేముందు అతని మాట వినాలి. వేటు పడ్డాక 30 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు. కెమెరాల కోసం 2021 ఆగస్టులో కేంద్రం 167ఏ నిబంధన తెచ్చింది. కెమెరాకు ఏటా రెన్యువల్ చేసే అనుమతి పత్రం ఉండాలి. కెమెరా ఉందని ముందుగానే బోర్డు పెట్టాలి. నేరం జరిగిన 15 రోజుల్లో నోటీసు పంపాలి. తప్పు కనబడే ఫొటో, నెంబరు ప్లేటు, తేదీ, సమయం, చోటు, సెక్షన్ అందులో ఉండాలి. చలానా తేలేదాకా ఆ రికార్డు దాచిపెట్టాలి.

ఈ పట్టు ఎట్లా పనిచేస్తదో చెప్తా. మా వైపు డ్రైవరు ఒకాయనకు నగరంలో సిగ్నల్ దాటినట్టు చలానా వచ్చింది. ఆ పూట లారీ తాండూరు కాంటా మీద ఉంది. కాంటా చీటీ మీద బండి నెంబరు, లోడు బరువు, తేదీ, గంట, నిమిషం అచ్చయి ఉన్నాయి. చలానా ఫొటో పెద్దది చేసి చూస్తే ప్లేటు మీద 8 అంకె మీద బురద, దాన్ని 3గా చదివారు. బండి రంగు కూడా వేరే. రెండు కాగితాలు జతచేసి అర్జీ రాశాం. చలానా రద్దయింది. ఆయన సేటు మాట విని కట్టేసి ఉంటే చేయని తప్పు ఆయన పేరున నిలిచేది.

అడిగే అలవాటు తగ్గడానికి రాయితీలూ కారణమే. 2022 మార్చిలో బైకుల పాత చలానాల్లో నాలుగో వంతు కడితే చాలన్నారు. 2023 డిసెంబరులో బైకులకు 80 శాతం తగ్గించారు. పేదవాళ్లకు ఊరట దొరికిన మాట నిజం. కానీ ఏటేటా తగ్గింపు కోసం చూసే జనానికి చలానా కరెంటు బిల్లు లెక్క కనబడడం మొదలైంది. బిల్లును కడతారు, లేకపోతే ఆపి ఉంచుతారు. "నేను చేశానా, చూపించండి" అని అడిగేవాళ్లు తక్కువ. తప్పు చేసినవాడికి సిగ్గు లేకుండా పోయింది, చేయనివాడికి కోపం లేకుండా పోయింది.

కెమెరాలు వద్దని నేననను. 2025 నవంబరు 3న చేవెళ్ల మండలం మీర్జాగూడ దగ్గర కంకర టిప్పరు మా తాండూరు డిపో బస్సును ఢీకొట్టి 19 మంది పోయారు. ఆ రోజు తర్వాత రోడ్డు నియమాలు లెక్కలేనివని ఈ వైపు ఎవరూ అనలేరు. అందుకే నిజంగా దాటినవాడు దొరకాలి. ఫొటోలో ఉన్నది తన బండే, నడిపింది తానే అని తెలిసిన డ్రైవరు నా దగ్గరికొస్తే అర్జీ రాయను, కట్టి రమ్మంటాను.

మిగతా వాళ్లకు ఒకే మాట చెప్తాను. డబ్బు కట్టేముందు ఫొటో తీయించి చూడండి, ఏ సెక్షన్ వేశారో చదవండి, తేదీలు లెక్కపెట్టండి, ఆ రోజు కాంటా చీటీ, డీజిల్ బిల్లు, టోల్ రసీదు వెతకండి. తేడా ఉంటే రాతపూర్వకంగా అడగండి, అడిగినదానికి రసీదు తీసుకోండి. ఎర్రదీపం దాటినవాడి లైసెన్సు పోతే అది న్యాయం. దాటనివాడి లైసెన్సు పోతే ఒక ఇంటి పొయ్యి ఆరిపోతుంది. ఆ ఇద్దరినీ వేరుచేసే పని కెమెరా చేయలేదు, విచారణే చేయగలదు. రైల్వే నుంచి దీపాన్ని తెచ్చుకున్నాం. దానితో పాటు ఉండాల్సిన విచారణను కూడా మన డ్రైవర్లు అడిగి తీసుకోవాలి.